పాత సైకిళ్లు – కాటాకు వేయరాని చరిత్ర

చరిత్ర అనగానే మనకు కోటలు, దర్వాజాలు, నవాబుల ఫర్మానాలు గుర్తుకు వస్తాయి. జగిత్యాలలో నక్షత్రం ఆకారంలో కట్టిన పాత కోటను చూసినవాళ్లు దాని ముచ్చట పది మందికి చెప్తారు. చెప్పవలసిందే. కాని ఆ కోట పక్క నుండి దినమూ పొద్దున్నే క్యారియర్ మీద మూట కట్టుకొని పోయిన మన తాతల సైకిల్ ముచ్చట ఎవరు వ్రాస్తారు? బీర్పూర్ వంటి ఊళ్లలో రెండు మూడు తరాల వాళ్లు బతుకుతెరువుకు, బడికి, బంధువుల ఇంటికి పోయింది గుర్రం మీద కాదు, మోటారు మీద కాదు, సైకిల్ మీదనే. అందుకని ఈ సంచికలో సైకిల్‌ను గురించి వ్రాయాలనుకున్నాము.

ఇందుకు మరొక కారణం కూడా ఉన్నది. అది చెప్పుకోవడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉన్నది. మా ఇంట్లో మా దాదా తొక్కిన ర్యాలీ సైకిల్ ఒకటి ఉండేది. ఆయన పోయిన తరువాత చాలా ఏండ్లు కొట్టంలో గోడకు ఆనించి ఉన్నది. ఇల్లు కొత్తగా కట్టుకొనేటప్పుడు "ఇది అడ్డం ఉన్నది, ఏం జేస్తం దీన్ని" అని పాత ఇనుప సామాను వానికి వేశాము. అతడు కాటా మీద పెట్టి తూచి, కిలోల లెక్కన పైసలు మా చేతిలో పెట్టాడు. హ్యాండిల్ కింద గొట్టానికి ఉండే కొంగ తల బొమ్మ బిళ్లనైనా ఊడదీసి పెట్టుకోవాలన్న తెలివి మాకు ఆనాడు లేకపోయింది. మా దాదీ ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఆ గోడ దగ్గరికి పోయి కొంచెంసేపు నిలబడి వచ్చింది. అంతే. ఆమె ఎందుకు నిలబడిందో అర్థం చేసుకోవడానికి మాకు ఇన్నేండ్లు పట్టింది.

సైకిల్ పుట్టి రెండు వందల ఏండ్లు దాటింది. 1817 జూన్ 12 న జర్మనీలోని మాన్‌హైమ్ పట్టణంలో కార్ల్ డ్రైస్ అనే అటవీశాఖ ఉద్యోగి ఒక వింత బండి మీద రోడ్డెక్కాడు. రెండు కొయ్య చక్రాలు ఒకదాని వెనుక ఒకటి, వాటి మధ్య ఒక దూలం, దూలం మీద కూర్చోవడానికి మెత్త. పెడళ్లు లేవు, చైను లేదు. కాళ్లతో నేలను వెనక్కి తన్నుకుంటూ ముందుకు పోవడమే. చూసిన జనం నవ్వారట అంటే ఆశ్చర్యం లేదు. అయితే రెండు చక్రాల మీద మనిషి పడిపోకుండా పోగలడని మొదట చూపించింది ఆ బండే. ఈ రోజుకూ మన పిల్లలు సైకిల్ నేర్చుకొనేటప్పుడు మొదట చేసేది అదే కదా. ఒక కాలు పెడల్ మీద పెట్టి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ పోతారు.

1860ల్లో పారిస్‌లో ముందు చక్రానికే పెడళ్లు బిగించిన సైకిళ్లు వచ్చాయి. కొయ్య చక్రాలకు ఇనుప పట్టాలు. మన ఎడ్లబండి చక్రానికి కమ్మరి పట్టా ఎక్కించినట్టే. రాళ్లు పరిచిన వీధుల మీద దాన్ని తొక్కితే ఒళ్లు హూనమయ్యేది. అందుకే ఇంగ్లండులో దానికి "ఎముకలు కదిలించే బండి" అని పేరు పెట్టారు.

ఆ తరువాత వచ్చిందే మనం బొమ్మలలో చూసి ముచ్చటపడే పెద్ద చక్రం సైకిల్. ముందు చక్రం మనిషి భుజం ఎత్తు, వెనుక చక్రం పళ్లెమంత. ఇంగ్లండు నాణేలలో పెన్నీ పెద్దది, అందులో నాలుగో వంతు విలువ గల ఫార్తింగ్ చిన్నది. ఆ రెండు బిళ్లలు పక్కపక్కన పెట్టినట్టుందని దానికి "పెన్నీ ఫార్తింగ్" అన్న పేరు వచ్చింది. అంత పెద్ద చక్రం షోకు కోసం పెట్టింది కాదు. అప్పటికి చైను వాడుకలో లేదు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. కనుక చక్రం ఎంత పెద్దదైతే అంత దూరం పోవచ్చు. 52 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు దాదాపు పదమూడున్నర అడుగులు పోతుంది. థామస్ స్టీవెన్స్ అనే ఆయన ఇటువంటి సైకిల్ మీద 1884 లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, 1886 డిసెంబరులో జపాన్‌లోని యొకొహామాలో తన ప్రపంచయాత్ర ముగించాడు. సముద్రాలు ఓడ మీద దాటాడనుకోండి. ఆ దారిలోనే 1886 లో మన దేశానికి వచ్చి, లాహోర్ నుండి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తొక్కాడు. ఆ రోడ్డు పక్క పల్లెల వాళ్లు ఆ ఎత్తు మీద కూర్చున్న మనిషిని చూసి ఏమనుకొని ఉంటారో!

కాని ఆ సైకిల్‌లో పెద్ద లోపం ఉన్నది. ముందు చక్రానికి ఒక రాయి తగిలితే మనిషి తలకిందులుగా పడేవాడు. పొడుగు కాళ్లు, దిట్టమైన ఒళ్లు, ఖర్చుకు వెనుకాడని జేబు ఉన్న పడుచువాళ్లకే అది పనికివచ్చేది. పొట్టివాళ్లు, పెద్దవయసువాళ్లు, ఆడవాళ్లు దూరం నుండి చూడవలసిందే. చూడటానికి ఎంత అందంగా ఉన్నా, అది కొందరి సైకిల్. అందరి సైకిల్ కాదు.

అందరి సైకిల్ 1885 లో వచ్చింది. ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన "రోవర్" అనే సైకిల్‌ను తయారుచేశాడు. రెండు చక్రాలు దాదాపు సమానం. పెడళ్లు మధ్యన, అక్కడి నుండి వెనుక చక్రానికి చైను. ఇప్పుడు పెద్ద చక్రంతో పనిలేదు. ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉన్నవనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం రెండున్నర చుట్లకు కొంచెం తక్కువగా తిరుగుతుంది. అనగా మన 28 అంగుళాల సైకిల్ ఒక్క తొక్కుకు సుమారు అయిదున్నర మీటర్లు పోతుంది. ఆ పెద్ద చక్రం కంటె ఎక్కువ దూరం! పైగా కాలు నేలకు అందుతుంది. 1888 లో బెల్‌ఫాస్ట్‌లో ఉండే జాన్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల బండి కోసం గాలి నింపిన రబ్బరు టైరును తయారుచేశాడు. దానితో ఎముకలు కదిలే బాధ తీరింది. ఈనాటికీ మన వాకిట్లో ఉన్న సైకిల్ ఆ రెంటి కలయికే.

ఇక మన ప్రాంతానికి వద్దాము. నిజాం రాజ్యంలో పల్లెలకు రవాణా సాధనాలు బహు తక్కువ. 1932 లో నిజాం రైల్వే వారు రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు మొత్తం బస్సులు 27 మాత్రమే. జగిత్యాలకు రైలు వచ్చింది ఈ ఇరవై ఒకటో శతాబ్దంలోనే. మధ్యకాలమంతా కాలినడక, ఎడ్లబండి, ఆ తరువాత సైకిల్. మొదట్లో సైకిళ్లన్నీ ఇంగ్లండు నుండి ఓడలలో వచ్చేవి. రేవులో దిగిన సరుకు రాజ్యం సరిహద్దు దాటాలంటే కరోడ్‌గిరీ సుంకం వేరే. కనుక ఊరికి ఒకరిద్దరికి, దొరకో పట్వారీకో తప్ప సైకిల్ ఉండేది కాదు.

ఆ కాలపు సైకిళ్లకు ఒక్కొక్క దానికి ఒక్కొక్క గుర్తు. ర్యాలీ కంపెనీది నాటింగ్‌హామ్ పట్టణం, దాని బిళ్ల మీద కొంగ తల. బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్‌లోని తుపాకుల కంపెనీ. 1861 లో తుపాకులు చేయడానికి పుట్టిన ఆ కంపెనీ తరువాత సైకిళ్లు కూడా చేసింది. అందుకే దాని గుర్తులో మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టు ఉంటాయి. హంబర్ సైకిల్‌కు ముందు ఫోర్కు ఒక్కొక్క వైపు జంట కడ్డీలతో ఉండేది. దూరం నుండే గుర్తుపట్టవచ్చు. వెనుకకు తొక్కితే ఆగే బ్రేకు కొన్నిటికి, చక్రం మధ్య గుండులోనే మూడు గేర్లు దాచిన ఏర్పాటు కొన్నిటికి ఉండేది. స్ప్రింగుల మీద బిగించిన తోలు సీటు కొత్తలో గట్టిగా ఉండి, తొక్కగా తొక్కగా మనిషి కూర్చునే తీరుకు ఒదిగిపోయేది. ఒకరి సీటు మరొకరికి కుదరదు.

దీపాల ముచ్చట ఇంకా వింత. మొదట కిరసనాయిలు దీపాలు. తరువాత కార్బైడ్ దీపాలు వచ్చాయి. కింది గిన్నెలో కార్బైడ్ గడ్డలు, పై గిన్నెలో నీళ్లు. మర తిప్పితే నీళ్లు చుక్క చుక్కగా గడ్డల మీద పడి గ్యాసు పుడుతుంది, దాన్ని వెలిగిస్తే తెల్లని వెలుతురు. ఆ తరువాత టైరుకు ఒరుసుకొని తిరిగే డైనమో వచ్చింది. డైనమో దీపానికి ఒక గుణం ఉన్నది, తొక్కినంతసేపే వెలుగుతుంది. చీకట్లో ఎవరైనా పలకరిస్తే ఆగాలి, ఆగితే దీపం ఆరిపోతుంది. మా చిన్నతనంలో అటువంటి చీకటి పలకరింపులు ఎన్ని విన్నామో. దీపం లేకుండా పట్నంలో తిరిగితే పోలీసులు పట్టుకొనేవారు. మునిసిపాలిటీకి పన్ను కట్టి బిళ్ల కొట్టించుకోవాలి. ఈ రోజు మోటారు బండికి కాగితాలు చూపించినట్టే ఆ రోజు సైకిల్‌కు!

స్వాతంత్ర్యం తరువాత సైకిల్ మన దేశపు సరుకైంది. 1949 లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951 లో సోనీపత్‌లో అట్లాస్, 1956 లో లుధియానాలో హీరో కంపెనీలు మొదలయ్యాయి. అస్సన్‌సోల్‌లో సెన్-ర్యాలీ కార్ఖానా వెలిసింది. హీరో కంపెనీ 1986 నాటికి ప్రపంచంలోనే అందరికంటె ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీగా గిన్నిస్ బుక్కుకెక్కింది. అప్పుడు బడిపంతులు కొన్నాడు, పోస్ట్‌మన్‌కు వచ్చింది, పాలు పోసేవాడు కొన్నాడు. సిరిసిల్ల వైపు నుండి బట్టల మూటలు, కోరుట్ల వైపు బీడీల గంపలు, మన ఊళ్లలో కూరగాయలు, ఐస్‌ఫ్రూట్ డబ్బాలు, ఎరువు బస్తాలు సైకిల్ ఎక్కాయి. గోదావరి మీద దగ్గరలో వంతెన లేని కాలంలో సైకిల్‌ను పడవలో పెట్టుకొని అవతలి ఒడ్డు ఊళ్లకు బేరానికి పోయిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. పెండ్లిలో అల్లునికి సైకిల్, వాచీ, రేడియో పెట్టిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. ఆ సైకిల్ కోసం ఎన్ని ఇండ్లలో అప్పులు చేశారో అది కూడా మరువరాదు.

కొనలేని వానికి సైకిల్ టాక్సీ ఉండనే ఉన్నది. ఈనాటి పిల్లలకు టాక్సీ అంటే కారు. మాకు టాక్సీ అంటే కిరాయి సైకిల్ దుకాణం. గంటకు పావలా. నోటుబుక్కులో పేరు, తీసుకొన్న టైము వ్రాసుకొని ఇచ్చేవారు. మడ్‌గార్డు మీద రంగుతో నంబరు వేసి ఉండేది. మేమందరం సైకిల్ నేర్చుకొన్నది ఆ నంబరు బండ్ల మీదనే. సీటు అందదు కనుక డండా కింది నుండి కాలు దూర్చి, వంకరగా ఒంగి, కైంచి తొక్కేవాళ్లం. మోకాళ్లు పగలని పిల్లవాడు ఊళ్లో లేడు. గంట కావస్తున్నదంటే గుండె దడ, ఇంకో పావలా ఎక్కడ తేవాలని!

ఆ దుకాణాలు చాలావరకు మన వాళ్లవే. పొలం లేని ఇంటికి నాలుగు పానాలు, ఒక పంపు, ఒక నీళ్ల తొట్టి ఉంటే బతుకు గడిచేది. మా చిన్నతనపు ఉస్తాద్ దుకాణం మాకు బాగా గుర్తు. వేపచెట్టు కింద గోనెసంచి పట్టా. ట్యూబును తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నవో చూసి, అక్కడ రాకుతో గీకి, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా నోటితో ఊది, పట్టీ అతికించేవాడు. చక్రం బెండు తీసేటప్పుడు మాత్రం ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. చక్రాన్ని తిప్పి, కన్ను దగ్గర పెట్టి, ఒక్కొక్క పుల్లను ఇంత బిగించి, అంత వదిలి, గంటసేపైనా కూర్చునేవాడు. తొందరపెడితే "సబర్ చెయ్ బేటా, పుల్ల ఇరిగితే పుల్ల దొరుకుతది, నీ పండ్లిరిగితే దొరుకుతయా?" అనేవాడు. ఏడాదికొకసారి ఓవరాయిలింగు. బండినంతా విప్పి, ఛర్రాలను కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి మళ్లీ బిగించేవాడు.

ఆ దుకాణంలో భాష కూడా ఒక వింతే. పానా, హవా, ఛర్రాలు, పేచ్‌కష్ మన ఉర్దూ మాటలు. చైను, టైరు, బెండు, టైటు ఇంగ్లీషు మాటలు. పుల్లలు, సీల, తొట్టి తెలుగు మాటలు. "ఛర్రాలు అరిగినయి, గ్రీజు పెట్టి టైటు చెయ్యాలె" అంటే అందులో మూడు భాషలున్నాయని అనేవానికీ తెలియదు, వినేవానికీ తెలియదు. ఏ కులం వాడు, ఏ మతం వాడు వచ్చినా ఆ గోనెసంచి మీదనే కూర్చునేవాడు.

వింత సైకిళ్లు చూడాలంటే హైదరాబాదు పోవాలి. బహదూర్‌పురాలో జూపార్కు దగ్గర సుధా కార్స్ మ్యూజియం ఉన్నది. కె. సుధాకర్ గారు తమ చేతులతో చేసిన బూటు కారు, కెమెరా కారు, క్రికెట్ బ్యాటు కారు, రకరకాల సైకిళ్లు అందులో ఉన్నాయి. 2005 జులై 1 న ఆయన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు గల మూడు చక్రాల సైకిల్‌ను హైదరాబాదులో తొక్కి చూపించి, ప్రపంచంలో అన్నిటికంటె పెద్ద మూడు చక్రాల సైకిల్‌గా గిన్నిస్ రికార్డు సాధించారు. ఒక్కొక్క చక్రం 17 అడుగులు! మేము టికెట్ కొని ఆ మ్యూజియం చూసి వచ్చాము. ఇంటి సైకిల్‌ను కిలోల లెక్కన అమ్మి, ఊరివాళ్ల సైకిళ్లను టికెట్ పెట్టి చూసి వచ్చామని దారిలో గుర్తుకు వచ్చింది. బస్సులో ఆ తరువాత మాకు మాటలు రాలేదు.

కాని మా కళ్లతో చూసిన అన్నిటికంటె వింతైన సైకిల్ మ్యూజియంలో లేదు. అది మా ఉస్తాద్ చేసింది. పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడిన ఒక పిల్లవాడు ఆ దుకాణం ముందు దినమంతా కూర్చుని, పోయే సైకిళ్లను చూస్తుండేవాడు. ఉస్తాద్ కొన్ని నెలలు పాడుబడిన సైకిళ్ల సామాను ఏరి పెట్టి, మూడు చక్రాల బండి ఒకటి చేశాడు. పెడళ్లను పైకి తెచ్చి ఛాతీ ఎత్తులో బిగించాడు, చేతులతో తిప్పేటట్టు. మూడు చక్రాలు మూడు రంగులు, సీటు ఒక పాత కుర్చీది. కాన్పూర్‌లో ప్రభుత్వం 1972 లో వికలాంగుల పరికరాల సంస్థను పెట్టింది గాని, అక్కడి బండి మా ఊరికి ఎప్పుడు రావాలి? ఆ పిల్లవాడు మొదటి రోజు దాన్ని మసీదు దాకా తిప్పుకుంటూ పోయి, తానే తిరిగి వచ్చాడు. అంతకు ముందు అతడు ఎవరి వీపు మీదనో తప్ప వీధి దాటినవాడు కాడు. తరువాత అదే బండి మీద బడికి పోయాడు. 2014 లో మన దేశం పోలియో లేని దేశమని ప్రకటించారు. ఇక అటువంటి బండి చేయవలసిన అవసరం ఏ ఉస్తాద్‌కూ రాకపోతే అంతకంటె సంతోషం లేదు. కాని ఆ బండి ఏమైందని అడిగితే ఊళ్లో ఎవరూ చెప్పలేకపోయారు. అది కూడా కాటా ఎక్కి ఉంటుంది.

ఆడపిల్లల సైకిల్ కూడా ఒకప్పుడు వింతే. డండా లేకుండా, చీర చిక్కుకోకుండా వెనుక చక్రానికి జాలీ కట్టిన లేడీస్ సైకిల్ మా వీధిలోకి మొదటిసారి వచ్చినప్పుడు చూడటానికి మంది పోగైనారు. కొందరు గొణిగారు కూడా. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో చదువు ఉద్యమంతో పాటు వేలాది మంది ఆడవాళ్లు సైకిల్ నేర్చుకొన్నారు. 2006 లో బీహార్ ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. బడి దూరమని చదువు మానిన ఆడపిల్లలు మన ఇండ్లలో ఎంతమంది ఉన్నారో లెక్క వేసుకొంటే, ఆ గొణుగుడు ఎంత తప్పో తెలుస్తుంది.

కాలం మారింది. మోటారు సైకిల్ వచ్చింది, పడుచువాళ్లు గల్ఫ్ దేశాలకు పోయారు, టాక్సీ దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2020 జూన్ 3 న, అనగా సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే, సాహిబాబాద్‌లోని అట్లాస్ కార్ఖానాలో పని ఆగిపోయింది. మేము మోటారు బండ్లకు వ్యతిరేకులం కాము. అబ్బాజాన్ ఎరువు బస్తాతో ఎదురుగాలిలో తొక్కిన కష్టం మన పిల్లలకు రావాలని ఎవరు కోరుకొంటారు? మేము చెప్పేది అది కాదు. పెద్ద చక్రం సైకిల్ కొందరిదే అయింది. మన పాత నల్ల సైకిల్ కొనగలిగినవానిదీ అయింది, పావలా కిరాయి ఇచ్చినవానిదీ అయింది, ఆడపిల్లదీ, నడవలేని పిల్లవానిదీ అయింది. దాని అందం దానిలోనే ఉన్నది. మన పెద్దలు వ్రాసిపెట్టిన పుస్తకాలు తక్కువ. వాళ్లు అరగదొక్కిన పెడళ్లు, వాళ్ల ఒంటికి ఒదిగిన తోలు సీట్లు, ఇవే వాళ్లు విడిచిపోయిన కాగితాలు.

కనుక సభ్యులందరికీ మా మనవి. మీ కొట్టంలో, అటక మీద పాత సైకిల్ ఉంటే ఇనుప సామాను వానికి వేయకముందు ఒక్కసారి తుడిచి చూడండి. ముందు బిళ్ల మీద కొంగ ఉన్నదా, తుపాకులు ఉన్నవా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అది ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, దాని మీద ఎక్కడెక్కడికి పోయారు అడిగి ఒక కాగితం మీద వ్రాయించండి. ఉంచుకోవడానికి జాగా లేకపోతే మన సంఘానికి ఇవ్వండి. నాలుగు సైకిళ్లు, నాలుగు కాగితాలు చేరినా చాలు, ఒక అర్రలో పెట్టి పిల్లలకు చూపించవచ్చు. తొక్కడానికి పనికివచ్చేవి బాగుచేయించి, బడి దూరమైన పిల్లలకు ఇవ్వవచ్చు. ఆ బాగుచేసే పని ఇంకా పానా పట్టగల మన ముసలి ఉస్తాద్‌లకే ఇచ్చి, మజూరీ కట్టి ఇద్దాము. పక్కన ఇద్దరు పిల్లలను కూర్చోబెడితే పుల్లలు బిగించే ఆ విద్య కూడా నిలుస్తుంది.

మా దాదా సైకిల్ పోయింది, అది ఇక రాదు. మీ ఇంట్లోది ఇంకా ఉన్నదేమో, ఈ రోజే పోయి చూడండి.